ఆలస్యంగా వచ్చిందెవరు?

మా పిన్నికి రొమ్ము కాన్సర్ అని తేలాక పెద్దాస్పత్రిలో చేర్చిన రోజున ఆమె కేస్ షీటు మొదటి పేజీ రాస్తుంటే నేను పక్కనే నిలబడి చదివాను. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. రాసేది పీజీ చదువుతున్న అమ్మాయి. ముందురాత్రంతా డ్యూటీలో ఉన్నట్టుంది, కళ్ళు వాలిపోతున్నాయి. గళ్ళు నింపుతూ గబగబా అడుగుతోంది.

"పెళ్ళెప్పుడైందమ్మా?"

"పదిహేనుకో పదహారుకో."

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు. ఒకడు పోయాడు."

"పాలిచ్చారా?"

పిన్నికి నవ్వొచ్చింది. "ఇవ్వకపోతే ఎట్టా?"

"బహిష్టు ఎప్పుడు ఆగిపోయింది?"

"ఆపరేషన్‌తోనే పోయింది. ముప్పై నాలుగేళ్ళకి గర్భసంచి తీసేశారుగా."

"గడ్డ ఎప్పుడు చూసుకున్నారు?"

"పది నెలలైంది తల్లీ."

ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘రోగి పది నెలల ఆలస్యంగా వచ్చినది.’

నేను రాయదలుచుకున్నది ఆ వాక్యం గురించే. కథల్లో, నవలల్లో కర్త ఎవరు, కర్మ ఎవరు, ఎవరి తరఫున ఎవరు మాట్లాడుతున్నారు అని మనం ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం. కేస్ షీటుని మాత్రం ఆ ప్రశ్నలు అడగలేదు. అది వైద్యుల కాగితం, మనకేం తెలుసులే అని ఊరుకున్నాం. కానీ ఒక స్త్రీ జీవితాన్ని పెళ్ళి, కాన్పులు, పాలివ్వడం, ముట్లుడగడం అనే వరసలో పెట్టి రాసిన ఆ పేజీ కూడా ఒక కథనమే. పైగా అది అక్కడితో ఆగదు. అలాంటి వేల పేజీలు కలిసి పట్టికలవుతాయి. పట్టికల మీద విధానాలు తయారవుతాయి.

మన దేశంలో ఈ లెక్కలు ఒక పద్ధతిలో మొదలైంది 1981-82లో, భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కాన్సర్ రిజిస్ట్రీని ప్రారంభించినప్పుడు. రిజిస్ట్రీలు రెండు రకాలు. ఒక ప్రాంతంలో ఉన్న జనంలో ఎంతమందికి జబ్బు వచ్చిందో లెక్కపెట్టేవి కొన్ని. ఆస్పత్రికి వచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టేవి మరికొన్ని. ఈ రెంటినీ కలిపి 2020లో వెలువరించిన నివేదికలో నన్ను రెండు అంకెలు పట్టుకున్నాయి. రొమ్ము కాన్సర్ రోగుల్లో 57 శాతం మందికి, గర్భసంచి ముఖద్వారం కాన్సర్ రోగుల్లో 60 శాతం మందికి, జబ్బు పుట్టిన చోటు దాటి చుట్టుపక్కలకి పాకిన దశలోనే నిర్ధారణ అయింది. అదే నివేదికలో హైదరాబాదు జిల్లా రొమ్ము కాన్సర్ రేటులో దేశంలోని రిజిస్ట్రీలన్నిటికన్నా పైన ఉంది. వయసు తేడాలు సరిచేసి చూస్తే లక్షమంది స్త్రీలకి 48. చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ దాని వెనకే ఉన్నాయి. 2022కి అంతర్జాతీయ సంస్థలు వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1,92,000 మందికి రొమ్ము కాన్సర్, 1,27,000 మందికి పైగా గర్భసంచి ముఖద్వారం కాన్సర్ కొత్తగా వచ్చాయి. ఈ రెండో జబ్బుతో దాదాపు 80 వేలమంది చనిపోయారు. ముందుగా కనిపెడితే, ఇంకా ముందు టీకా వేస్తే, చాలావరకు రాకుండా ఆపగలిగిన జబ్బు ఇది.

ఈ అంకెల కింద వచ్చే వివరణ చూడండి. ‘స్త్రీలు అవగాహనా లోపం వల్ల, సిగ్గువల్ల ఆలస్యంగా వస్తున్నారు.’ ఆస్పత్రుల వ్యాసాల్లో, ప్రభుత్వ కరపత్రాల్లో, పత్రికల ఆరోగ్య పేజీల్లో ఇదే వాక్యం తిరుగుతుంటుంది. కర్త ఎప్పుడూ స్త్రీయే. క్రియ ఆలస్యం చెయ్యడం.

మా పిన్ని పది నెలల్నీ ఒకరోజు ఆమెతో కూర్చుని లెక్క వేశాను. గడ్డ చేతికి తగిలాక రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. అవి పత్తి ఏరే రోజులు. తరవాత ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళింది. మగమనిషి. రొమ్ము అనలేక "చంకలో నొప్పి" అంది. అతను చూడలేదు, చూపించమని అడగలేదు, నెలరోజులు బిళ్ళలిచ్చాడు. ఆ తరవాత పట్నంలో ఒక నర్సింగ్ హోములో "కొవ్వు గడ్డేలే" అని కోసి తీసేశారు. తీసిన ముక్కని పరీక్షకి పంపలేదు. పన్నెండు వేలైంది. కుట్లు మానిన చోటే మూడు నెలలకి మళ్ళీ లేచింది. ఇంకో ఊరు, స్కానింగు, సూది పరీక్ష కలిపి ఒక నెల. కూతురి కాన్పుకి ఒక నెల. ఆరోగ్యశ్రీ కార్డులో పేరుకీ ఆధార్‌లో పేరుకీ ఒక అక్షరం తేడా ఉందని తిరగడానికి నెలన్నర. మిగతాది ఆస్పత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా.

ఈ పదిలో పిన్ని సొంత ఆలస్యం రెండు నెలలు. మిగతా ఎనిమిది ఆమె కాళ్ళరిగేలా తిరిగిన నెలలు. తిరగడాన్ని రాసే గడి కేస్ షీటులో లేదు. అందుకని అది కూడా ఆలస్యంలోనే కలిసిపోయింది.

రాసిన అమ్మాయిని నిందించడానికి ఇది చెప్పడంలేదు. ఆ పూట ఆమె ముందు ఇంకా ముప్పైమంది ఉన్నారు. రిజిస్ట్రీలు వద్దనీ కాదు. అవి లేకపోతే 57 శాతం అన్న సంగతే మనకి తెలిసేది కాదు. నేను అడిగేదల్లా ఆ శాతం ఎవరి గురించి చెబుతోంది అని. అసలు ఆస్పత్రి లెక్కలోకి వచ్చింది అక్కడిదాకా రాగలిగినవాళ్ళు. పత్తి చేలోంచి ఆర్.ఎం.పి. దగ్గరికి, అక్కణ్ణించి నేరుగా శ్మశానానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఏ పట్టికలోనూ ఉండరు.

ఇక ఆ రెండు నెలల సంగతి. పిన్ని ఎందుకు చెప్పలేదు? సిగ్గు అని నేనూ అనుకున్నాను. ఆమె చెప్పిన కారణం వేరు. "గర్భసంచి తీసేశారుగా, ఇంక నాకు కాన్సర్ ఎట్టా వస్తది?"

2007లో ఆరోగ్యశ్రీ రాకముందు సంగతి. పిన్నికి తెల్లబట్ట అవుతోందని వెళితే ఒక ప్రైవేటు డాక్టరు "ఇలాగే వదిలేస్తే కాన్సర్‌లోకి దింపుతుంది, తీసేయించుకో" అన్నాడు. ఏ పరీక్షా చెయ్యలేదు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి తీయించుకుంది. మన రెండు రాష్ట్రాల పల్లెల్లో ఇది ఏ ఒక్కరి కథో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు బీమా సొమ్ముకి దారి అయ్యాయన్న విమర్శ లేచి, ప్రైవేటు ఆస్పత్రులకి ప్రభుత్వం పగ్గాలు వెయ్యాల్సి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటివే బయటపడి కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అనవసరపు ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలకి చెప్పింది.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. 30-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి ముఖద్వారం కాన్సర్ కోసం ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యం, ముప్పై అయిదేళ్ళకి ఒకసారి, నలభై అయిదుకి మరోసారి, నూటికి డెబ్భైమందికి పరీక్ష జరగాలని. ఈ రెండు రకాల అంకెల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. కాన్సర్ పేరు చెప్పి అవయవం తీసేయడానికి మన ఊళ్ళల్లో ఏర్పాట్లున్నాయి. కాన్సర్ ఉందో లేదో చూడడానికి లేవు. భయం పల్లెకి చేరింది, పరీక్ష చేరలేదు. కాబట్టి ‘అవగాహనా లోపం’ అన్నమాట నేను ఒప్పుకోను. పిన్నికి అవగాహన ఉంది. అది ఆమెకి ఒక డాక్టరు అమ్మిన అవగాహన.

కేస్ షీటు ప్రశ్నల దగ్గరికి మళ్ళీ వస్తాను. అవి ఎక్కడినుంచి వచ్చాయో వెతికితే నాకు ఒక స్త్రీ దొరికింది. జానెట్ లేన్ క్లేపన్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1926లో రొమ్ము కాన్సర్ ఉన్న ఐదువందలమందినీ, లేని ఐదువందలమందినీ తీసుకుని పెళ్ళి వయసు, కాన్పులు, పాలిచ్చిన కాలం అడిగి పోల్చింది. ఇలా రోగుల్నీ రోగం లేనివాళ్ళనీ పోల్చే పద్ధతికి ఆధునిక కాలంలో తొలి నమూనా అదే. ఆలస్యంగా పెళ్ళయినవాళ్ళకి, తక్కువమంది పిల్లలున్నవాళ్ళకి, పాలివ్వనివాళ్ళకి ఈ జబ్బు ఎక్కువని తేలింది. మూడేళ్ళ తరవాత 1929లో ఆమె పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన స్త్రీ ప్రభుత్వోద్యోగం చెయ్యకూడదన్న రోజులవి, పరిశోధనా జీవితం అక్కడితో ముగిసింది. ‘పెళ్ళి వయసు’ అన్న గడిని నింపించిన మనిషి జీవితాన్ని ఆ గడే మింగేసింది.

అంతకన్నా వెనక్కి వెళితే ఇటలీలో రిగోని స్టెర్న్ అనే వైద్యుడున్నాడు. వెరోనా నగరంలో 1760 నుంచి 1839 దాకా ఉన్న మరణాల రికార్డులు చూసి 1842లో ఒక సంగతి చెప్పాడు: సన్యాసినుల్లో గర్భసంచి కాన్సర్ తక్కువ, రొమ్ము కాన్సర్ ఎక్కువ. ఈ విషయంలో అంకెలతో చెప్పిన తొలి మాటల్లో అదొకటి. అప్పటినుంచి ఇప్పటిదాకా వాక్యనిర్మాణం మారలేదు. గర్భసంచి ముఖద్వారం కాన్సర్ వస్తే చిన్నవయసులో పెళ్ళయింది, కాన్పులెక్కువ, శుభ్రత తక్కువ. రొమ్ము కాన్సర్ వస్తే పెళ్ళి ఆలస్యంగా చేసుకుంది, పిల్లల్ని కనలేదు, పాలివ్వలేదు. పల్లెటూరి బీదదానికి ఆ తిట్టు, పట్నంలో చదువుకున్నదానికి ఈ తిట్టు. గణాంకాలు అబద్ధం అనడంలేదు, వాటి వెనక హార్మోన్ల కారణాలు, వైరస్ కారణాలు ఉన్నాయి. అయితే గణాంకం వార్డులోకి వచ్చేసరికి తీర్పుగా మారిపోతుంది. మా పిన్ని చిన్నప్పుడే పెళ్ళయి, ముగ్గుర్ని కని, ముగ్గురికీ రెండేసి ఏళ్ళు పాలిచ్చిన మనిషి. పట్టిక ప్రకారం ఆమెకి ఈ కాన్సర్ రాకూడదు. ఆ అమ్మాయి కూడా ఒక్క క్షణం ఆగి "ఇవన్నీ ఉండి కూడానా?" అంది. పిన్నికి అర్థమైంది వేరు. "నేనేం తప్పు చేశానని అడుగుతోందే ఆ పిల్ల?" అని నన్నడిగింది.

మరి భర్త గడి ఎక్కడ? 1983లో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భసంచి ముఖద్వారం కణుతుల్లో మానవ పాపిలోమా వైరస్ పదహారో రకాన్ని కనిపెట్టింది. ఆ పనికి 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. లైంగిక సంబంధం ద్వారా వచ్చే వైరస్ అది. చాలామందిలో దానంతటదే పోతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి నిలిచి కాన్సర్ అవుతుంది. నలభై ఏళ్ళు దాటాయి ఈ సంగతి తెలిసి. ఇప్పటికీ నేను చూసిన కేస్ షీట్లలో స్త్రీ పెళ్ళి వయసు ఉంది గానీ భర్త గురించి ఒక్క ప్రశ్న లేదు. పితృస్వామ్యం అంటే పెద్ద సిద్ధాంతంలా వినిపిస్తుంది. ఒక్కోసారి అది కాగితం మీద గీయని గడి.

గీసిన గడిలో ఎవరు సంతకం పెడతారన్నది ఇంకో సంగతి. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పాత్ అనే అమెరికన్ సంస్థ ప్రాజెక్టు కింద 10-14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి ఈ వైరస్ టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో మరో పదివేలమందికి వేశారు. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి విచారించి బయటపెట్టాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ అంది. దాన్ని నేనిక్కడ తిరగదోడడం లేదు, ఆ టీకా మంచిదేనని ప్రపంచమంతటా రుజువైంది కూడా. నాకు కావలసింది అంగీకార పత్రాలు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో ఆ లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లి సంతకం ఉండాల్సిన చోట వార్డెన్. ఆలస్యంగా వచ్చారని నిందపడే స్త్రీల కూతుళ్ళకి, ముందుగా రమ్మన్నప్పుడు జరిగిన మర్యాద ఇది. దేశీయంగా తయారైన టీకా 2023లో మార్కెట్లోకి వచ్చింది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9-14 ఏళ్ళ ఆడపిల్లలకి టీకాని ప్రోత్సహిస్తామన్నారు. మంచిదే. కానీ ఆ తల్లులు రెండోసారి నమ్మడానికి వెనకాడితే దాన్ని కూడా అవగాహనా లోపం ఖాతాలో రాస్తారేమో.

ఇంతకీ మన సాహిత్యం ఏం చేస్తోంది? నా మనసు కష్టపెట్టుకుంది ఇక్కడే. స్త్రీవాద కవిత్వం మన శరీరాన్ని గడప దాటించింది. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అంది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ రాసింది. పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఇచ్చింది. అవి చదివి పెరిగిన తరం నాది, అవి లేకపోతే ఈ వ్యాసమూ లేదు. కానీ ఆ కవిత్వంలో ప్రధానంగా కనిపించే రొమ్ము మగచూపు పడ్డ రొమ్ము, గర్భం కనే గర్భం. జబ్బుపడ్డ రొమ్ము, నలభై అయిదు దాటిన గర్భసంచి అంత గట్టిగా మాట్లాడలేదు. మనం రాసింది ఎక్కువగా పాతికేళ్ళ శరీరాన్ని. కాన్సర్ వార్డులో ఉన్నది యాభైలో పడ్డ శరీరం.

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. ‘గీతాంజలి’లో నాయకుడికీ, ‘మాతృదేవోభవ’లో నలుగురు పిల్లల తల్లికీ వచ్చింది బ్లడ్ కాన్సర్. రక్తంలో ఉండే కాన్సర్‌కి అవయవం ఉండదు, వాసన ఉండదు, కోత ఉండదు, ముఖం అందంగానే ఉంటుంది. అమెరికన్ ‘లవ్ స్టోరీ’ గురించి సుసాన్ సొంటాగ్ ఈమాట ఎప్పుడో అంది. మన తెరకి మరీ బాగా సరిపోతుంది. తెల్లబట్టలో నెత్తురు జీర చూసి చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకునే స్త్రీ తెర మీదికి రాదు. ‘మాతృదేవోభవ’ చూసి పిన్ని ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు. ఆ ఏడుపు తన గడ్డ దగ్గర ఆమెకి ఎందుకూ పనికిరాలేదు.

సొంటాగ్ 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ రాసినప్పుడు తనకే రొమ్ము కాన్సర్ వచ్చి ఉంది, పుస్తకంలో ఆమాట చెప్పలేదు. జబ్బుకి రూపకాలు తగిలించకండి అని ఆమె వాదన. గొప్ప పుస్తకమే. మా వార్డులో మాత్రం రూపకాల బెడద లేదు. అక్కడి ఆడవాళ్ళకి ఉన్నవి గడ్డ, పుండు, ‘ఆ జబ్బు’, కరెంటు పెట్టించుకోవడం. తెలుగులో రాచపుండు అని పాతమాట ఒకటుంది, ఇప్పుడు ముసలివాళ్ళు కూడా అనడంలేదు. నాకు ఆద్రీ లార్డ్ దగ్గరగా అనిపించింది. 1978లో ఆమెకి రొమ్ము తీసేశారు. 1980లో ‘ది కాన్సర్ జర్నల్స్’ వచ్చింది. కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, ఇలా వస్తే మిగతావాళ్ళ ధైర్యం సడలుతుందని నర్సు మందలించడం, లార్డ్ ఆగ్రహం, చదివితీరాల్సిన పేజీలు. రొమ్ములేనితనాన్ని దాచిపెడితే మేం ఒకరికొకరం కనబడం అని ఆమె వాదించింది.

నేను ఈ వాదన మోసుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆమె పాతచీర ముక్కలు మడతపెట్టి జాకెట్‌లో కుట్టుకుంటోంది. ఎవరి కోసం పిన్నీ, నువ్విలాగే ఉండు అన్నాను. సూది ఆపకుండా చెప్పింది. "మేస్త్రి చూశాడంటే కూలికి పిలవడే. రోగిష్టిది, మందు కొట్టిన చేలో పడిపోద్దంటాడు." లార్డ్ తప్పని కాదు. లార్డ్‌కి ఎదురైంది నర్సు, పిన్నికి ఎదురయ్యేది మేస్త్రి. దాచుకోవడం అంతటా అందానికి లొంగిపోవడం కాదని నాకు పుస్తకం చెప్పలేదు. మన స్త్రీవాద విమర్శ కూడా దళిత స్త్రీలు, శ్రామిక స్త్రీలు నిలదీసేదాకా ఇలాంటివి చూడలేకపోయింది.

హైదరాబాదులో స్త్రీలే కూర్చుని రాసిన ‘సవాలక్ష సందేహాలు’ మన ఇళ్ళల్లో ఎన్ని చేతులు మారిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వైద్యం మాటని స్త్రీల మాటలోకి తెచ్చిన పుస్తకం అది. దాని తరవాతి పని మిగిలి ఉంది. పట్టిక మాటని స్త్రీల మాటతో సరిచూడడం. కేస్ షీటులో ‘ఆలస్యం’ అనే ఒక్క గడికి బదులు మొదట ఎవరి దగ్గరికి వెళ్ళారు, వాళ్ళేం చేశారు, ఏమని పంపారు, ఎంత ఖర్చైంది అని నాలుగు గళ్ళు గీస్తే చాలు, 57 శాతం అన్న అంకె వేరే కథ చెబుతుంది. కష్టమైన సంస్కరణేం కాదు, ఒక స్కేలూ పెన్సిలూ ఉంటే అయ్యేదే.

పిన్ని ఇప్పుడు ఆరునెలలకోసారి చూపించుకుంటోంది. ఈ వ్యాసం చిత్తుప్రతి ఆమెకి చదివి వినిపించాను. లార్డ్, సొంటాగ్ వచ్చినచోట చిక్కుడుకాయలు వలుచుకుంది. పది నెలల లెక్క దగ్గర చెయ్యెత్తి ఆపింది. "రెండు నెల్లని రాశావు గానీ, నెలన్నరే. పత్తి అయిపోయిన మర్నాడే ఆర్.ఎం.పి. దగ్గరికి పోయా. అది దిద్దు. ఆ కోసినాయన పన్నెండు వేలు పుచ్చుకుని రసీదియ్యలా, అదీ రాయి."